మిగిలిన ఫోటో

టీ చల్లారిపోయింది. వాక్యం మాత్రం ఇంకా కుదరలేదు.

ఉచిత సాఫ్ట్‌వేర్లను ఒకచోట చేర్చి అందరికీ పంచే చిన్న ఆఫీసు అది. ఎవరెవరో తయారుచేసి ఇచ్చిన ప్రోగ్రాములకు, అవి ఏం చేస్తాయో తేటగా చెప్పే ఒక్క వాక్యం రాయడం అతని ఉద్యోగం. కింద పేరుండదు. జనం చదివేది ఆ ఒక్క వాక్యమే. అందుకే దేన్నైనా తాను వాడి చూశాకే రాసేవాడు. పెద్ద చెవులు, మోచేతుల దగ్గర నలిగిన చొక్కా, లోగొంతుక. ఆ భవనంలో అందరికీ అతను ‘ఏకవాక్యంగారు’.

ఒక్కసారి మాత్రం వాడి చూడలేదు. ఇంటికెళ్లే తొందరలో, తయారుచేసినవాడు చెప్పుకున్న గొప్పలనే కాస్త సర్ది పెట్టేశాడు: ‘ఒకేలాంటి ఫోటోలను తీసేసి కంప్యూటర్‌ను తేలికపరుస్తుంది.’

కింది అంతస్తులో ఫోటో స్టూడియో నడిపే పెద్దాయన ఆ వాక్యం చూసి, ఆ ప్రోగ్రామును తన కంప్యూటర్‌లో పెట్టుకున్నాడు. భార్య ఉన్నన్నాళ్లూ, ఉదయం షాపు తెరవగానే ఆవిణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, వెలుతురు సరిచూసుకోవడానికి ఒక ఫోటో తీసేవాడాయన. అదే కుర్చీ, అదే గోడ, అదే మనిషి. ప్రోగ్రాముకు ఆ ఏళ్లన్నీ ఒకటే. ఒక్క ఫోటో ఉంచి మిగతావన్నీ తుడిచిపెట్టింది. ఆ ఒక్కదాంట్లోనూ ఆవిడ కళ్లు మూసుకుంది.

నిన్న మెట్ల దగ్గర ఆయనే చెప్పాడు. “నొక్కకూడనిది ఏదో నొక్కేసి ఉంటాను నాయనా.”

అతను పైకి వెళ్లి, ఆ ప్రోగ్రామును మొదటిసారి తానే వాడి చూశాడు.

ఇప్పుడు మళ్లీ రాశాడు: ‘ఒకేలా కనిపించే ఫోటోల్లో, వేర్వేరు రోజులవైనా సరే, ఒకటి మాత్రమే ఉంచి మిగతావన్నీ శాశ్వతంగా చెరిపేస్తుంది, ముందు వేరేచోట దాచుకోండి.’ పంపేసి, మెట్లు దిగాడు.

స్టూడియో ముందు వ్యాను ఆగి ఉంది. షాపు మూసేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతున్న పెద్దాయన అట్టపెట్టెకు తాడు బిగిస్తున్నాడు.

“బాబాయ్, తప్పు మీది కాదు. దాని గురించి రాసింది నేను. వాడి చూడకుండా రాశాను.”

తాడు మీద చేతులు ఆగాయి.

“నువ్వే రాశావని తెలుసు. నీ రాతలో తప్పుండదు కదా, నేనే ఏదో చేశాననుకున్నాను.”

అంతకన్నా చెంపదెబ్బ నయం. అతని చెవులు ఎర్రబడ్డాయి. పెద్దాయన వాటివంక కాసేపు చూశాడు.

“మీ పిన్నికి ఫోటో అంటే ఒళ్లుమంట. ‘రోజూ ఈ మొహమేగా, కొత్తగా ఏం మొలిచిందని’ అనేది. చివరికి దాని మాటే నెగ్గింది.” నవ్వబోయి ఊరుకున్నాడు. “సరిచేశావా?”

“ఇప్పుడే, బాబాయ్.”

“ఊఁ.” ముడి వేశాడు. “కుర్చీకి అక్కడ చోటు లేదు. నువ్వుంచుకో. పైన నీ కుర్చీ కాళ్లు ఊగుతున్నాయిగా.”

వ్యాను మలుపు తిరిగింది. అతను షాపు లోపల కుర్చీ దగ్గరికి వెళ్లాడు గానీ కూర్చోలేకపోయాడు. ఖాళీ గోడ ముందు ఆ కుర్చీ, చెయ్యి ఆన్చుకునే కుడివైపు కర్ర మీద ఆవిడ వేళ్లు రోజూ ఆనినచోట, రంగుపోయి నున్నగా మెరుస్తోంది.