పద్నాలుగో నంబరు కొట్టు

"ఇంకో పదిమందికి ఎక్కువ పొయ్యవే. గోడలు కొట్టేవాళ్ళ భోజనం మనింట్లోనే అని చెప్పేశాను" అన్నాడు వగీమన్, గువ్వ పంజరానికి గుడ్డ కప్పుతూ. మాటిచ్చింది ఆయన, వండేది ఈవిడ. తన వంటిల్లు కూలగొట్టడానికి వచ్చేవాళ్ళకి తనే వండి వడ్డించాలన్నమాట. ఆయన భార్య సుర్తిని ఇంకో గిన్నెడు బియ్యం కడిగింది.

జకార్తాలో ఆ పందన్ సందు ఇప్పుడు పన్నెండు మీటర్ల రోడ్డవుతోంది. రేవుకి పోయే లారీలకి అడ్డమట. ఎదురు వరసలో టోఫు చేసేవాళ్ళ ఇళ్ళు, దర్జీ జుమీరో కుట్టుమిషను గది నిరుడే పోయాయి. గుమ్మాల్లో కూచుని ఒకళ్ళ తల ఒకళ్ళు దువ్వుకున్న ఆడవాళ్ళు ఊరి చివర సర్కారు ఫ్లాట్ల ఎనిమిదో అంతస్తులో లిఫ్టు కోసం పడిగాపులు పడుతున్నారు. ఈ వరసకి ఇవాళ మూడింది.

ఇంటి ముందు గది సుర్తిని కొట్టు. కొబ్బరిపాల అన్నం, మిరపకాయ చట్నీ, అరటాకు పొట్లం. బట్టల ఫ్యాక్టరీ పిల్లలు పద్దెనిమిదేళ్ళుగా ఆ పొట్లం తిని పనిలోకి పోయేవారు. వ్యాపారం పోయినవాళ్ళకి ఆ ఫ్లాట్ల కిందే కట్టిన కొత్త మార్కెట్లో కొట్లు ఇస్తారంటే పొంగిపోయింది పిచ్చిది. పోయిన వారం గోడమీద జాబితా అంటించారు. పద్నాలుగో నంబరు కొట్టు, వగీమన్, వ్యాపారి.

వ్యాపారి! గువ్వలకి నూకలు చల్లడం తప్ప ఆ మనిషి జన్మలో ఏం అమ్మాడు? సుర్తిని ఆఫీసుకి పరిగెత్తింది. అక్కడి కుర్రాడు కంప్యూటర్ చూసి నెమ్మదిగానే చెప్పాడు. "మీ గుర్తింపు కార్డులో వృత్తి అన్నచోట 'ఇంటిపని' అని ఉందమ్మా. కొట్లు వ్యాపారులకి."

"వండేదీ అమ్మేదీ నేనే బాబూ. సందంతా చెబుతుంది."

"సందేదమ్మా ఇప్పుడు?"

వాణ్ణని ఏం లాభం? రాయించింది తనే. రేవులో వగీమన్ ఉద్యోగం ఊడిన ఏడాది, కార్డులు రాయడానికి సందు పెద్దమనిషి వీళ్ళింటికొచ్చాడు. మొగుడు తల వంచుకు కూచున్నాడు. మగవాడి పేరు పక్కన ఏ పనీ లేదని రాస్తే నలుగురిలో పరువేం కాను అని ఈ మహాతల్లే, "ఆయన వ్యాపారమండీ, నాదేముంది, ఇంటిపని" అంది. మొగుడి పరువు నిలబెట్టానని ఆ రోజంతా మురిసింది కూడా. ఇప్పుడు తలుచుకుంటే తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

ఇంటికొచ్చి చెబితే వగీమన్ నవ్వాడు. "ఎవరి పేరుంటే ఏమే? కొట్లో మా లస్త్రి కూచుంటుంది. నువ్వు ఫ్లాటులో వండి కిందకి పంపు. హాయిగా నీడపట్టున ఉంటావు."

ఆడపడుచు లస్త్రి గోళ్ళరంగు ఆరబెట్టుకుంటూ, "నీకు జనంతో మాట్లాడ్డం చేతకాదుగా వదినా. పైగా ఒళ్ళంతా ఉల్లిపాయ కంపు" అంది. పద్దెనిమిదేళ్ళు ఆ కంపే వాళ్ళందరికీ అన్నం పెట్టింది. సుర్తిని వెళ్ళి మర్నాటికి ఉల్లిపాయలు తరిగింది.

మధ్యాహ్నం పనివాళ్ళు పదిమందీ వరసగా కూచుని తిన్నారు. చట్నీ రెండోసారి వేయించుకున్నారు. "ఈ చెయ్యి మళ్ళీ ఎక్కడ దొరుకుతుందమ్మా?" అన్నాడు మేస్త్రీ. అడిగింది ఆవిణ్ణి. జవాబు మాత్రం వగీమన్ ఇచ్చాడు. "మార్కెట్లో పద్నాలుగు. నా కొట్టే. తప్పకుండా రండి."

తర్వాత పంజరాన్ని పసిపిల్లాడిలా ఎత్తుకుని లారీ దగ్గరికి నడుస్తూ, "గుండిగా, రోలూ, పొయ్యీ జాగ్రత్తగా బయట పెట్టు. అవి లేకపోతే కొట్టు లేదు, రేపే తెరవాలి" అని కేకేశాడు.

సుర్తిని లోపలికి వెళ్ళింది. పుట్టింటి నుంచి మోసుకొచ్చిన రాతిరోలు, అడుగు రెండుసార్లు అతుకు వేయించిన ఆవిరి గుండిగ, ఇంకా వెచ్చగా ఉన్న పొయ్యి. రోలు అంచుమీద చెయ్యి పెట్టింది. చెయ్యి తీసి కొంగుకి తుడుచుకుని, ఏదీ ముట్టకుండా బయటికొచ్చి తలుపు దగ్గరికి లాగింది.

పొక్లెయిను గుమ్మందాకా వచ్చింది. మేస్త్రీ చెయ్యెత్తి దాన్ని ఆపి అడిగాడు. "లోపల సామానేమైనా ఉందామ్మా?"

"నాదంటూ ఏమీ లేదు నాయనా" అంది సుర్తిని. "కానివ్వండి."