పోస్టర్ మీద జాన్‌బాబు

వన్ టౌన్‌లో కొండవాలు ఇళ్ళ మధ్య ఉన్న చర్చిలో జాన్‌బాబు గిటార్ వాయించేవాడు. వాళ్ళమ్మ సంపూర్ణమ్మ క్వయర్‌లో పాడేది. పాట ఎత్తుకునేది ఆమె, శ్రుతి అందించేది కొడుకు. ఆ ఇంటికి ఆదివారమే పండగ. మిగతా రోజుల్లో అతను గవర్నర్‌పేటలో క్యాసెట్లు, సీడీలు అమ్మే షాపులో పనిచేసేవాడు.

కిరీటి అక్కడే పరిచయమయ్యాడు. కంకిపాడు రైస్‌మిల్లు ఓనరు కొడుకు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. బెంగుళూరు స్నేహితులు కాపీ చేసిచ్చిన సీడీల్లో వైకింగుల మీద కట్టిన, గిటార్లు హోరెత్తే హెవీ మెటల్ పాటలు విని పిచ్చెక్కిపోయాడు. ఎక్కడో ఉత్తరాన, చలి సముద్రాల మీద పడవలేసుకొచ్చి ఊళ్ళు, చర్చిలు దోచిన ఆ మనుషుల బొమ్మలే అతని టీషర్టుల మీద, బైకు ట్యాంకు మీద. 2003లో జాన్‌బాబుని గిటార్‌కి పెట్టుకుని బ్యాండు మొదలుపెట్టి, దానికి వైకింగుల దేవుడి పేరు పెట్టాడు, ఓడిన్ అని.

"ఓడినోళ్ళా? గెలిచినోళ్ళ పేరేదీ దొరకలేదా?" అని సంపూర్ణమ్మ నవ్వింది.

మిల్లు గోడౌన్‌లో ధాన్యం బస్తాల పక్కన ప్రాక్టీసు. చర్చిలో నెమ్మదిగా మీటే వేళ్ళకి అక్కడ అడ్డూ అదుపూ లేదు. జాన్‌బాబుకి అది నచ్చింది.

కాలేజీ ఫెస్ట్‌లో మొదటి షో ఖాయమయ్యాక అందరూ కొత్తగా వైకింగుల పేర్లు పెట్టుకున్నారు. కిరీటి ఎరిక్ అయ్యాడు. డ్రమ్స్ వాయించేవాడు థోర్ అయ్యాడు. మరి తనకేం పేరని జాన్‌బాబు అడిగాడు.

"నీకెందుకురా? నీది ఎలాగూ ఇంగ్లీషు పేరేగా" అన్నాడు కిరీటి.

పోస్టర్లు గోడలెక్కిన రోజు షాపుకి వెళ్తూ జాన్‌బాబు సైకిల్ ఆపేశాడు. కొమ్ముల టోపీ పెట్టుకుని గొడ్డలి పట్టిన గడ్డపు మనిషి. అతని వెనక మంటల్లో ఒక చర్చి, ఒరిగిపోతున్న శిలువ. కింద బ్యాండు వాళ్ళ ఫొటోలు. మిగతావాళ్ళు ముఖాలకి నల్లరంగు పూసుకున్నారు, పోల్చుకోవడం కష్టం. తనది మాత్రం నిరుటి క్రిస్మస్‌కి దిగిన ఫొటో. దాని కింద జాన్‌బాబు అన్న పేరు. చేతికందినవన్నీ చింపాడు. చర్చి ఎదురుగోడ మీది పోస్టరును మాత్రం అప్పటికే అందరూ చూసేశారు.

సాయంత్రం పాస్టరుగారు, సంఘ పెద్దలు పిలిపించి అడిగారు. తనకి చూపించకుండా వేశారని జాన్‌బాబు చెప్పాడు. ఆ వేసినవాడు వచ్చి ఆ మాట చెబితే నమ్ముతామని, అందాకా గిటార్ ముట్టుకోవద్దని అన్నారు.

ఇంట్లో సంపూర్ణమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నిజం చెప్పు నాన్నా. ఆ దేవుడికి నువ్వు మొక్కావా?"

జాన్‌బాబు కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు కంకిపాడు వెళ్ళాడు. నెట్ సెంటర్‌లో వైకింగ్ అని కొడితే వచ్చిన బొమ్మల్లో అదొకటని, బాగుందని పెట్టానని, వెనకున్న చర్చిని పట్టించుకోలేదని కిరీటి చెప్పాడు.

"ఆ మాటే ఒక్కసారి వచ్చి మావాళ్ళతో చెప్పరా."

"ఒట్టి బొమ్మకి ఇంత గొడవేంట్రా? ఎప్పుడో వెయ్యేళ్ళనాటి సంగతి" అని విసుక్కున్నాడు కిరీటి. జాన్‌బాబు కదలకుండా నిలబడేసరికి, ఆదివారం వస్తానన్నాడు.

ఆదివారం ప్రార్థన అయిపోయేదాకా సంపూర్ణమ్మ గేటు దగ్గరే నిలబడింది. కిరీటి రాలేదు. ఫోన్ చేస్తే, మతాల గొడవల్లో తలదూర్చొద్దని నాన్న అన్నాడని చెప్పి పెట్టేశాడు.

గుంటూరు నుంచి ఇంకో గిటారిస్టుని తెచ్చి షో చేశారు. లోకల్ కేబుల్‌లో చూపించారు. ప్లాస్టిక్ కొమ్ముల టోపీతో కిరీటి మైకు ముందు నవ్వుతూ, పోస్టరు మీద గొడవైంది కాబట్టే ఇంత జనం వచ్చారని చెప్పాడు. సంపూర్ణమ్మ లేచి టీవీ కట్టేసింది. ఆ వారం నుంచి ఆమె క్వయర్ మానేసింది. చివరి బెంచీలో కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేసేది.

చదువయ్యాక కిరీటి మిల్లు పనుల్లో పడ్డాడు. బ్యాండు సంగతి అతనే మర్చిపోయాడు.

రెండేళ్ళకి కొత్త పాస్టరుగారు వచ్చారు. ఆయనే స్వయంగా ఇంటికొచ్చి, సంఘం క్షమించింది, తల్లీకొడుకులిద్దరూ మళ్ళీ పాటకి రండి అన్నారు. సంపూర్ణమ్మ ఏడ్చేసింది. ఆదివారం తెల్లచీర కట్టుకుని కొడుకు బండెక్కింది. చర్చి ముందు ఆమెని దింపి జాన్‌బాబు బండి మీదే ఉండిపోయాడు.

"రావా?"

"క్షమించామన్నారమ్మా. నేను తప్పు చెయ్యలేదని మాత్రం ఎవరూ అనలేదు."

ఆమె కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. పాట మొదలవకముందే జాన్‌బాబు బండి తిప్పుకుని షాపుకి వెళ్ళిపోయాడు.