మడిచిన చేతులు

పొద్దున్నే ఇస్త్రీ తాత మెట్ల కింద గదిలో బల్ల మీద దుప్పటి పరిచి, బట్టల మీద నీళ్లు చిలకరించి, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టేవాడు. వేడి తగలగానే, ఆ బట్ట వేసుకున్నవాళ్లు చివరగా అన్న మాట ఆవిరితో పాటు పైకొచ్చేది. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. అందుకే చిన్నా పెద్దా అందరూ "అంతా బాగుంది" అనేసి మరీ చొక్కా విప్పేవారు. రోజంతా ఆ గదిలో డాక్టరు చొక్కా, డ్రైవరు చొక్కా, చివరికి దిండు గలీబులు కూడా అంతా బాగుందనే చెప్పేవి.

"ఇన్ని బాగున్న ఇళ్లు ఇంకే వీధిలో ఉంటాయి అన్నయ్యా!" అని నవ్వేది పై అంతస్తులో ఒంటరిగా ఉండే రిటైరైన నర్సమ్మ.

తాత నవ్వేవాడు కాదు. బట్ట చెప్పింది బల్ల దాటకూడదని ఆయన నియమం.

కొంతకాలంగా ఆయన చొక్కా కూడా అబద్ధమే చెబుతోంది. కంటి ఆపరేషనుకి దాచుకున్న డబ్బంతా ఒక్క ఫోనుతో పోయింది. బ్యాంకు నుంచి అన్నారు. ఏ కంటికి ఆపరేషనో కూడా వాళ్లే చెప్పారు. ఇంత తెలిసినవాడు బ్యాంకువాడు కాక ఇంకెవడనుకుని, ఫోనుకి వచ్చిన అంకెలు చదివేశాడు. ఇంట్లో ఉండే మేనల్లుడు ఆయన భుజం నిమిరి, "ఎవరికీ చెప్పకు మావయ్యా. ఇంత వయసొచ్చి బుద్ధి లేదా అంటారు" అన్నాడు. సబబే అనిపించింది. సిగ్గు ఆయన నోరు కట్టేసింది.

ఆ రోజు మేనల్లుడు నీలం చొక్కా ఒకటి బల్ల మీద పడేసి హడావిడిగా వెళ్లిపోయాడు. చేతులు మోచేతి దాకా మడిచే ఉన్నాయి. తాత కాలరు, వీపు చేశాడు. "అంతా బాగుంది" అంది చొక్కా. కొత్త మాట పాత మాటను తుడిచేస్తుంది గానీ, మడతల్లోకి దూరలేదు. కుడి చెయ్యి విప్పి పెట్టె ఆనించగానే మేనల్లుడి గొంతు వినిపించింది.

"మావయ్య పని అయిపోయింది. ఆయన నోరు మెదపడు, ఆ పూచీ నాది. ఇవాళ పైన నర్సమ్మ. భోజనం అవగానే ఫోను చెయ్యి."

తాత పెట్టె నిలబెట్టాడు. వెచ్చగా ఉంటుందని చిన్నప్పుడు వాడు ఈ బల్ల కిందే నిద్రపోయేవాడు. మొన్న తన భుజం నిమిరింది ఈ చెయ్యే.

అప్పటికే భోజనాల వేళ దాటింది. ఎడమ చెయ్యి మడత విప్పకుండానే చొక్కా భుజాన వేసుకుని, వేడి పెట్టె పట్టుకుని మెట్లెక్కాడు.

నర్సమ్మ ఫోను చెవికి ఆనించుకుని ఏడుస్తోంది. ఒళ్లో బ్యాంకు కార్డు ఉంది.

"ప్లగ్గెక్కడమ్మా?"

"ఆగన్నయ్యా! మావాడికి యాక్సిడెంటంట!"

ఆయన ఆగలేదు. భోజనాల బల్ల మీదే ఎడమ చెయ్యి విప్పి నొక్కాడు.

"ఏడిస్తే మనకి మంచిదే," అంది చొక్కా. "ఆలోచించనివ్వకు. ఫోను పెట్టేస్తే మీవాడు దక్కడని చెప్పు."

"ఫోను పెట్టేస్తే మీవాడు దక్కడమ్మా," అంది ఆ వెంటనే ఫోను.

నర్సమ్మ ఏడుపు ఆగిపోయింది. ఫోను కట్ చేసి, కొడుకు నంబరు తనే నొక్కింది.

"ఏంటమ్మా, అన్నం తింటున్నాను," అన్నాడు కొడుకు.

ఆవిడ కళ్లు తుడుచుకుని చొక్కా వైపు చూసింది. "ఆ గొంతు..."

"మావాడిదే. నా డబ్బూ వాడే తిన్నాడు. నేనారోజే నోరు విప్పుంటే నీ దాకా వచ్చేది కాదు."

"సిగ్గుపడాల్సింది నువ్వా అన్నయ్యా?"

"మోసపోయినందుకు కాదు. దాచినందుకు పడాలి. పోలీసులకి ఫోన్ చెయ్యమ్మా."

సాయంత్రం మేనల్లుడు వచ్చాడు. "చొక్కా అయిందా మావయ్యా?"

"అయింది. రెండు చేతులూ విప్పి చేశాను."

వాడి మొహం పాలిపోయింది. బయట బూట్ల చప్పుడు దగ్గరవుతోంది.

"ఎవరికీ చెప్పకు మావయ్యా," అన్నాడు మళ్లీ.

వాణ్ణి తీసుకెళ్లాక తాత తన చొక్కా విప్పాడు. విప్పేముందు అలవాటు మాట అనలేదు, జరిగిందే అన్నాడు. వీధి తలుపు బార్లా తీసి, పెట్టె ఆనించాడు. "నా మేనల్లుడే నన్ను ముంచాడు" అంది చొక్కా, వీధంతా వినేలా.

మర్నాడు మూటలో పైనున్నది డాక్టరు చొక్కా. వేడి తగలగానే, చిన్న గొంతుతో, "నాకూ ఒక ఫోనొచ్చింది" అంది.