బ్రహ్మచారి తిప్పిన పాట

హాలోవీన్ అంటే ఏమిటో బ్రహ్మచారికి మనవరాలు యోగిత మూడుసార్లు చెప్పింది. పిల్లలు దయ్యాల వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు అడుగుతారట, బాగా వెలిగే ఇంటి ముందు ఎక్కువసేపు నిలబడతారట. మూడోసారికి ఆయనకు పండుగ కన్నా ముఖ్యమైన సంగతి బోధపడింది. నిరుడు బొల్లారంలోని వీళ్ల కాలనీ పిల్లలంతా ఈ ఇంటి గేటు దాటుకుంటూ వెళ్లిపోయారు. యోగిత పళ్లెం నిండా చాక్లెట్లు పెట్టుకుని గేటు దగ్గరే కూర్చుండిపోయింది. ఈసారి తొమ్మిదేళ్ల ఆ పిల్ల, తాత లైట్లతో పాట పాడిస్తాడని కాలనీ అంతా చాటింపు వేసి వచ్చింది.

"చెప్పినవా? అయితే చేసుడే," అన్నాడు బ్రహ్మచారి.

సీతాఫల్‌మండిలో దుకాణం పెట్టుకుని ముప్పై ఎనిమిదేళ్లు పెళ్లిళ్లకూ, వినాయక మంటపాలకూ సీరియల్ బల్బులు కట్టిన మనిషి ఆయన. బల్బులతో నెమళ్లను ఆడించాడు, ఏనుగుల చేత తొండాలెత్తించాడు. కంప్యూటర్ లైట్లు వచ్చాక పిలిచేవాళ్లు కరువై కొడుకింటికి చేరాడు గానీ, ఆ కోపం మాత్రం అలాగే ఉంది.

ఎదురింటి రామ్మోహనరావు మంచివాడే. మంచితనం కాస్త ఎక్కువై, "మా లాప్‌టాప్ లైట్ల షోకే మీ ఇల్లు కూడా కలిపేద్దాం లెండి బ్రహ్మచారి గారూ. ఈ వయసులో మీకెందుకండీ శ్రమ," అన్నాడు.

ఈ వయసులో అన్న మాట బ్రహ్మచారికి కాలింది. "వద్దు సార్. మా ఇంటికి నేనున్న," అన్నాడు.

ఆ రోజే పని షురూ అయింది. యోగిత తన కీబోర్డు మీద ఒక నిమిషం భయపెట్టే పాట వాయించి ఫోనులో రికార్డు చేసింది. బ్రహ్మచారి పెళ్లిళ్లలో బల్బులు ఆడించిన పాత చెక్క డ్రమ్మును అటక మీంచి దింపి, దానికి బెల్టుతో ఫ్యాన్ మోటారు తగిలించాడు. డ్రమ్ము మీద రాగి పట్టీలు, వాటిని ఒరుసుకుంటూ పన్నెండు ఇత్తడి నాలుకలు. నాలుక పట్టీకి తగిలినప్పుడల్లా ఒక వరుస బల్బులు వెలుగుతాయి. డ్రమ్ము ఒక చుట్టు తిరిగేసరికి పాట అయిపోవాలి, పాటలో దెబ్బ పడ్డ ప్రతిచోటా పట్టీ ఉండాలి. మూడు వరుసలు గోడ మీద బల్బులతో కట్టిన గుమ్మడికాయ నోటికి, నాలుగు గబ్బిలాలకు, మిగిలినవి పిట్టగోడకు. తప్పిన పట్టీ పీకడం, మళ్లీ కొట్టడం, పది రోజులు అదే పని. తిండికి పిలిస్తే పలికేవాడు కాదు.

"మన పెండ్లప్పుడు సుత గింత పరేషాన్ కాలే నువ్వు," అంది భార్య విజయమ్మ.

రోజూ మధ్యాహ్నం పాట పెట్టి చూసుకునేవాడు. చివరి మూడు రోజులూ ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

ముప్పై ఒకటో తారీఖు సాయంత్రం పిల్లలు గేటు ముందుకొచ్చారు. యోగిత పాట పెట్టింది, బ్రహ్మచారి స్విచ్చు వేశాడు. కాలనీలో ఇళ్లన్నీ ఒక్కసారే వెలిగాయేమో, వోల్టేజీ పడిపోయింది. మోటారు మూలిగింది. డ్రమ్ము ఈడ్చుకుంటూ తిరిగింది. పాట అయిపోయాక గుమ్మడికాయ తీరిగ్గా నోరు తెరిచింది. పిల్లలు పగలబడి నవ్వారు.

యోగిత నవ్వలేదు. పళ్లెమూ ఫోనూ మెట్టు మీద పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

బ్రహ్మచారికి తల కొట్టేసినట్టయింది. పెళ్లిళ్లకు ఎప్పుడూ జనరేటరు ఉండేది. ఇంటి కరెంటు సాయంత్రం పూట ఎలా ఉంటుందో చూసుకోవాలన్న ఆలోచనే ఇన్నేళ్లలో రాలేదు, ఇప్పుడూ రాలేదు. ఎదురింటి నుంచి రామ్మోహనరావు, "లాప్‌టాప్ తెమ్మంటారా?" అని అడిగాడు.

బ్రహ్మచారి స్విచ్చు ఆర్పి బెల్టు పీకేశాడు. డ్రమ్ము ఇరుసుకు పెద్ద పానా బిగించాడు. చెయ్యి ఆడడానికి జాగా చాలక, డ్రమ్ము కనబడకుండా అడ్డం కట్టిన దుప్పటి గుంజి అవతల పడేశాడు. గేటుకు అడ్డంగా తాడు కట్టాడు.

"తాడు దాటి ఎవ్వరు రావొద్దు. కరెంటున్నది," అన్నాడు పిల్లలతో. "విజయా, పాట పెట్టు."

మళ్లీ స్విచ్చు వేసి చేత్తో తిప్పసాగాడు. పది రోజులుగా విన్న పాట, చేతికి కూడా వచ్చేసింది. పాట నెమ్మదిస్తే చెయ్యి నెమ్మదించింది, పాట ఉరికితే చెయ్యీ ఉరికింది. దెబ్బ పడ్డచోట గబ్బిలాలు ఎగిరాయి, గుమ్మడికాయ సరిగ్గా సమయానికి నోరు తెరిచింది. నాలుకల కింద నీలి రవ్వలు చిటపటలాడాయి.

ఆ రవ్వలు చూసి పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. ఒక్కొక్కరే గోడ మీది గబ్బిలాలను వదిలేసి, చెమటలు కక్కుతూ పానా తిప్పుతున్న ముసలాయన్ని చూడడం మొదలుపెట్టారు. ఎదురింటి ముందున్న పిల్లలూ ఇటే వచ్చారు. వాళ్ల వెనకాల రామ్మోహనరావు కూడా వచ్చి నిలబడ్డాడు.

బ్రహ్మచారి తిప్పుతూనే వాళ్ల వైపు చూశాడు. ఎన్ని వేల మంది తన బల్బుల కింద నిలబడి ఫొటోలు దిగారో లెక్కలేదు. వాటిని ఆడించే మనిషిని చూడ్డానికి మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ ఆగలేదు.

పాట అయిపోయింది. ఎవరూ కదల్లేదు. మళ్లీ కావాలని తాడు అవతల గోల మొదలైంది. ఆ గోలకు యోగిత కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది. గేటు ముందు జనాన్ని చూసింది, తాత భుజం చూసింది. రెండో చేత్తో దాన్ని పిసుక్కుంటున్నాడు.

"తాతా, చెయ్యి నొస్తలేదా?" అంది మెల్లగా.

"నొస్తుంది," అన్నాడు బ్రహ్మచారి. "పాట పెట్టు."