తొవ్వల వచ్చిన రోగం

ఆలేరు స్టేషను అవతల రైల్వే కొలువు దిగిన కుటుంబాలు కొన్ని ఉండేవి. నైజాం కాలంల గ్యాంగుల చేరి, ఎండల వానల పట్టాలు సరిజేసి, భుజాలు కాయలు కాసినంక ఇంటికొచ్చిన మనుషులు. కొలువు ఉన్నన్ని దినాలు జరమొచ్చినా, కాలు విరిగినా రైల్వే దవాఖాన వాళ్లదే. కొలువు దిగిననాడే ఆ దవాఖాన దూరమైంది. అప్పుడప్పుడు రైలెక్కి తిరిగొచ్చే పాసు మాత్రం మిగిలింది. రైలెక్కనిస్తరు గని రైల్ల పానం బాగలేకపోతే చూసెటోడు లేడని వాళ్లల్ల వాళ్లే నవ్వుకునేటోళ్లు.

ఆ నవ్వుల నుంచే రామచంద్రయ్యకు ఒక ఆలోచన పుట్టింది. ఆయన గ్యాంగుకు పెద్దగ, మేటుగ చేసి దిగినోడు. మాటంటే మాటే అనే మనిషి. నెలనెలా తలా ఇంత వేసి చందా పెట్టుకుందాం, యాత్రకు పోయినప్పుడు తొవ్వల ఎవరికి రోగమొచ్చినా మందులకు, మనిషిని ఇల్లు చేర్చేటందుకు అండ్లకెల్లే ఖర్చు పెడదామన్నడు. అందరికి నచ్చింది. చందా ఆయన చేతిల్నే పెట్టిన్రు.

మొదటి ఏడు మంచిగ గడిచింది. రెండో ఏడు భద్రాచలం పోయినప్పుడు కాటమయ్యకు ఆయాసం లేసింది. అది కొత్త రోగం కాదు, ఎన్నో ఏండ్ల సంది ఉన్నదే. చందా మొత్తం ఆ ఒక్కనికే ఊడ్చుకపోయింది. తిరిగొచ్చినంక బీరన్న పదిమందిల లొల్లి పెట్టిండు. ఆయన ఇంట్ల దగ్గే దగ్గుకు మేమెందుకు కట్టాలె అన్నడు. రామచంద్రయ్య బాగ ఆలోచించి కట్టుబాటు లెక్క ఒక కాయిదా పెట్టిండు.

"ఇంట్లకెల్లి మోసుకొచ్చిన రోగానికి చందా లేదు. తొవ్వల వచ్చిన రోగానికే."

అందరు తలకాయలు ఊపిన్రు. కాటమయ్య గూడ సిగ్గుతోని ఊపిండు.

అప్పుడు అక్కడ్నే కూసున్న ఎల్లేశం తల ఊపలే, అడ్డం చెప్పలే. ఎల్లేశం రామచంద్రయ్య గ్యాంగుల కీమన్‌గ చేసినోడు. రోజు పొద్దుగాల పట్టాల పొంటి నడుచుకుంట ఒక్కొక్క కీలు సూసి కొట్టుకుంట పోయెటోడు. ఇద్దరు ఒక్క కంచంల తిన్నోళ్లు. కొన్నాళ్ల సంది ఎల్లేశానికి కడుపుల మంట. స్టేషను వెనక గోడ చాటున నీళ్లల్ల సోడా కలుపుకొని తాగి, కడుపు పట్టుకొని కూసునుడు రామచంద్రయ్య ఒకసారి సూసిండు. ఏమైందని అడిగితే, తిన్నది అరుగుత లేదన్నా, అంతే అన్నడు. ఆ తర్వాత ఇంకోపారి గూడ సూసిండు గని అడగలే. అడిగితే జవాబొస్తది. జవాబొస్తే కాయిదా అడ్డమొస్తది. ఈ రోగానికి చందా రాదు, యాత్రకు రావద్దని ఎల్లేశానికి చెప్పవలసి వస్తది. ఎందుకొచ్చిన తంటా అని కండ్లు మలుపుకున్నడు.

మూడో ఏడు, చందా మళ్ల కూడినంక, శివరాత్రికి ఆలంపురం పోవాలనుకున్నరు. ఎల్లేశం భార్య సుక్కమ్మకు తుంగభద్రల తానం జేయాలని ఎప్పటి సందో కోరిక. కొలువుల ఉన్నన్నాళ్లు సెలవు దొరకలే, ఇప్పుడన్న తోల్కపోత అని ఎల్లేశం మాటిచ్చిండు. సద్దులు కట్టుకొని అందరు కలిసి సికింద్రాబాదుల చిన్న పట్టాల రైలెక్కిన్రు. షాద్‌నగర్ దాటేదాక ఎల్లేశం మంచిగనే ఉన్నడు, ఎదురుగ కూసున్నోళ్లతోని ముచ్చట్లు పెట్టిండు. జడ్చర్ల దాటినంక మాట ఆగిపోయింది. మొఖమంత చెమటలు. మోకాళ్లు కడుపుకు దగ్గరగ ముడుచుకొని బల్ల మీద పక్కకు ఒరిగిండు. పాలమూరు స్టేషన్ల ఆయన్ని దించి, పక్క బజార్ల ఒక ముసలి డాక్టరు సొంతంగ నడుపుకునే చిన్న దవాఖానకు తోల్కపోయిన్రు.

డాక్టరు మంచి నెమ్మదస్తుడు. ఎల్లేశం కడుపు మీద చేయి పెట్టి వత్తి సూసిండు. మంచానికి ఆ పక్క సుక్కమ్మ, ఈ పక్క రామచంద్రయ్య. గడప మీద బీరన్న నిలబడ్డడు.

"ఈ నొప్పి ఎప్పటి నుంచి అమ్మా? ఇంతకు ముందు ఎప్పుడన్న కడుపుల మండేదా?"

సుక్కమ్మ డాక్టరు దిక్కు సూసింది. అక్కడి నుంచి ఆమె చూపు రామచంద్రయ్య మీదికి వచ్చింది. ఒక్క గడియ ఆగింది.

"లేదు సారూ. గియ్యాల్నే. రైల్ల మిరపకాయ బజ్జీలు తిన్నడు."

ఎల్లేశం కండ్లు తెరిసిండు, మళ్ల మూసుకున్నడు.

ఆ చూపు ఏందో రామచంద్రయ్యకు అర్థమైంది. అర్థం కాలేదని ఆ తర్వాత ఎంత అనుకుందామన్నా ఆయన మనసు ఒప్పుకోలే. సారూ, ఇది పాత నొప్పి అని ఒక్క మాట అనొచ్చు. అది గూడ అనబుద్ధి గాకపోతే, బీరన్నను తీసుకొని బయటికన్న పోవచ్చు. తాను లేకపోతే సుక్కమ్మ నిజం చెప్పేది. రెండు చేయలే. అక్కడ్నే నిలబడ్డడు. నేను నోరు మూసుకుంటే ఇది తొవ్వల వచ్చిన రోగమే అయితది, చందా ఇయ్యొచ్చు, దోస్తును ఆదుకున్నట్టయితది అనుకున్నడు. ఆ గడియల తాను పెద్ద ఉపకారం జేస్తున్ననని లోపల్లోపల సంతోషమయింది గూడ. తర్వాత ఆయన్ని అన్నిటికన్న ఎక్కువ కాల్చింది ఆ సంతోషమే.

డాక్టరు అజీర్తికి మందు కలిపిచ్చిండు. సాయంత్రం దాక సూద్దామన్నడు. పండుగ దాటిపోతదని బీరన్నోళ్లు తర్వాతి బండికి ఆలంపురం పోయిన్రు. రామచంద్రయ్య ఆగిండు.

పొద్దు వాలేసరికి ఎల్లేశం కడుపు బల్లలెక్క గట్టిపడ్డది. చేతులు సల్లబడ్డయి. డాక్టరు వచ్చి ముట్టి సూసిండు, మొఖం మారింది. సుక్కమ్మను పక్కకు పిలిసి, అమ్మా, మనిషి పాణం మీదికొచ్చింది, నిజం చెప్పమన్నడు. సుక్కమ్మ కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. ఏడాది సందే ఉన్నది సారూ, దొడ్డికి నల్లగ పోతుండె గూడ అని చెప్పింది.

డాక్టరు కోపం జేయలే. లోపల పుండు పగిలింది, పొద్దున్నే ఈ మాట తెలిస్తే అప్పుడే పట్నం పంపేవాణ్ణని మాత్రం అన్నడు. ఆయనే తిరిగి కిరాయి మోటారు మాట్లాడి పంపిండు. పట్నంల ఆపరేషన్ అయింది గని మనిషి తేరుకోలే. శివరాత్రి ఎల్లిన తెల్లారి ఎల్లేశం కన్ను మూసిండు.

ఖర్చంత చందాల నుంచే పెట్టిండు రామచంద్రయ్య. పాత రోగమని అందరికి తెలిసినంక గూడ బీరన్న నోరెత్తలే. కాయిదా పక్కకు పెట్టి దోస్తును చూసుకున్నడని ఊరంత మెచ్చుకున్నది. ఎదురైనోళ్లల్ల ఒక్కొక్కరు ఆ మాట అంటుంటే ఆయనకు తలెత్త బుద్ధయ్యేది కాదు. స్టేషను దిక్కు పోవుడే మానుకున్నడు.

దినాలు అయిపోయినంక సుక్కమ్మ తిండి మానిందని, నా నోటితోనే సంపుకున్ననని ఆడోళ్ల ముందల అంటున్నదని రామచంద్రయ్య భార్య రామమ్మ చెప్పింది. ఆ మాట విన్నంక ఆయనకు అన్నం దిగలే. కంచం పక్కకు జరిపి, చెప్పులు తొడుక్కొని సుక్కమ్మ ఇంటికి పోయిండు. ఆమె వాకిట్ల కూసొని కందులు చెరుగుతున్నది. ఆయన్ని సూసి లేవబోయింది. కూసోమని ఆయన గడప మీద కూసున్నడు.

"సెల్లే, గా దినం నువ్వు నా దిక్కు సూసే గట్ల చెప్పినవ్ గద."

సుక్కమ్మ చేట ఆపింది. "నువ్వు పక్కనే ఉంటివి. పాతదంటే చందా ఇయ్యవని భయపడ్డ. పట్నం తోల్కపోయే శక్తి నాకేడిదన్నా?"

"ఎల్లేశం కడుపు సంగతి నాకు ముందుగాల్నే ఎరిక. సోడా తాగుడు నా కండ్లతోని సూసిన."

కందులల్ల ఆమె చేయి అట్లనే ఉన్నది.

"ఎరికుండి డాక్టరుకు ఎందుకు చెప్పలే?"

"చెప్తే కాయిదా అడ్డమొస్తదనుకున్న. చెప్పకపోతేనే ఎల్లేశానికి మేలయితదనుకున్న." తన మాట తన చెవులకే కంపరంగ వినబడ్డది.

"కాయిదా నువ్వు పెట్టిందేనాయె అన్నా," అన్నది సుక్కమ్మ. గొంతు లేపలే. "నువ్వు పెట్టినదాన్ని నువ్వు తీసెయ్యలేక పోతివా?"

ఆమె చేట పట్టుకొని లోపలికి పోయింది. ఆయన కొద్దిసేపు అట్లనే కూసొని లేసి వచ్చిండు.

ఆ వారమే అందరిని పిలిసి కాయిదా తీసేస్తున్ననని చెప్పిండు. అందరు రోగాలు మూట గట్టుకొని వస్తే చందా ఎన్నాళ్లు నిలుస్తదని బీరన్న అడిగిండు. ఆ మాట తప్పు కాదని రామచంద్రయ్యకు తెలుసు.

"ఉన్నన్నాళ్లు ఉంటది. ఒడిసిననాడు యాత్ర బంద్ జేద్దాం," అన్నడు. "గని డాక్టరు అడిగినప్పుడు మనిషి నా మొఖం సూసి జవాబు చెప్పుడు మాత్రం వద్దు."

బీరన్న, ఇంకో రెండిండ్లోళ్లు చందా మానుకున్నరు. ఉన్నోళ్లతోని అది చిన్నగయింది. ఆ యెనక దూరం యాత్రలు పోలే, పొద్దుగాల పోయి మాపటికి తిరిగొచ్చే తావులకే పోయిన్రు. చందా తన చేతిల ఉండొద్దని రామచంద్రయ్య అన్నడు. కాటమయ్యకు అప్పజెప్పిండు.

సుక్కమ్మ ఆయనతోని మాట్లాడలే. బాయి కాడ ఎదురైతే బిందె సంకకెత్తుకొని పక్క తొవ్వన పోయేది. ఆయన పిలవలే. పిలిచే మొఖం తనకు లేదనుకున్నడు. ఎండలు పోయినయి, వానలు పడ్డయి, జొన్నలు మోకాలెత్తు వచ్చినయి. ఒకనాడు పొద్దుగాల రామచంద్రయ్య అరుగు మీద కూసొని ఉండంగ సుక్కమ్మే వచ్చి ముందల నిలబడ్డది.

"నీ మీద కోపం పోలే అన్నా. పోతదో పోదో గూడ తెల్వది. గని నా మీద నాకున్నది ఒక్కదాన్నే మొయ్యలేకపోతున్న."

రామచంద్రయ్య జరిగి జాగా ఇచ్చిండు. ఆమె అరుగు కొసకు కూసున్నది. రామమ్మ చెంబుతోని నీళ్లు తెచ్చి పెట్టి, లోపలికి పోయింది. కాజీపేట దిక్కు పోయే బండి ఒకటి కూత పెట్టుకుంట దాటిపోయింది. అది పోయినంక సుక్కమ్మ ఎల్లేశం ముచ్చట ఎత్తింది. లగ్గం దినం బండి తప్పిపోతే ఎల్లేశం బాసింగం సంచిల పెట్టుకొని పట్టాల పొంటి నడిసొచ్చిన సంగతి. సగం చెప్పి ఆగింది.

మిగిలిన సగం రామచంద్రయ్యకు ఎరికే, ఆనాడు పక్కన నడిసింది ఆయనే. ఆమె ఎక్కడ ఆపిందో అక్కడ్నుంచి చెప్పుకుంట పోయిండు.