టిక్కీల గదిలో కంప్యూటర్

నొక్కాను. లోపల ఫ్యాన్ గిర్రుమన్నట్టే అని ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. ఈసారి ఆ గిర్రు కూడా లేదు. ఇంకోసారి నొక్కాను, ఇంకోసారి నొక్కాను, కోపం కొద్దీ నొక్కుతూనే ఉన్నాను. దీపం లేదు, చప్పుడు లేదు, పాడూ లేదు.

నాకసలే ఓపిక తక్కువ. అన్నం ఉడికేదాకా ఆగలేను, గిన్నె మూత పదిసార్లు తీసి చూస్తాను. అలాంటి నా ముందు, ఇవాళే, ఈ పూటే ఈ డబ్బా ఇలా చచ్చి కూర్చుంటే నేనేమైపోవాలి చెప్పండి!

పదకొండింటికి పరీక్ష. బెంగళూరులో ఇళ్ళ ప్లాన్లు గీసే కంపెనీ వాళ్ళది. నేను సివిల్ డిప్లొమా చదివాను. పెళ్ళయి అద్దంకి దగ్గర ఈ ఊరొచ్చాక ఉద్యోగమన్న మాటే లేదు. అడిగిన ప్రతివాళ్ళూ హైదరాబాదొచ్చి ఆఫీసులో కూర్చుంటారా అన్నవాళ్ళే. ఇంటి దగ్గర కూర్చుని గీయండి అన్నది ఈ ఒక్క కంపెనీయే. అక్కడి హెలెన్ మేడమ్ ఫోన్లో ముందే తేల్చి చెప్పింది.

"నాగజ్యోతిగారూ, మీ డ్రాయింగులు నాకు నచ్చాయి. కానీ మీ సొంత సిస్టమ్ మీద, మేం చూస్తుండగా గీయాలి. ఆ టైముకి సిస్టమ్ ఆన్ కాలేదంటే రేపు పనిలో కూడా కాదనే అనుకుంటాం. మళ్ళీ ఇంకో ఛాన్స్ ఉండదండీ."

అదీ సంగతి. ఇది పోతే మళ్ళీ వంటగదీ, కల్లమూ, కల్లమూ, వంటగదీ.

ఈ కంప్యూటర్ కొన్నది కాదు, నేనే కూర్చాను. డబ్బా ఒకచోట నుంచి, మదర్‌బోర్డు ఒకచోట నుంచి విడివిడిగా తెప్పించి, వీడియోలు చూస్తూ, ఇదే గదిలో నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని ఒక్కొక్క మరా బిగించాను. జ్యోతి కంప్యూటర్ వండుతోందంట అని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వారు. మొదటిసారి తెర వెలిగిన రోజు నవ్వినవాళ్ళందర్నీ పిలిచి మరీ చూపించాను. ఇప్పుడు వాళ్ళలో ఎవరైనా వస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

తిట్టుకుంటూనే పని మొదలుపెట్టాను. ముందు గోడ స్విచ్చి చూశాను. మా అత్తయ్య వెంకటరావమ్మకి ఒక అలవాటుంది. ఎక్కడో ఉరిమితే చాలు, పరుగెత్తుకుంటూ వచ్చి వసారాలో మెయిన్ దించేస్తుంది. వారం నుంచి మబ్బుగానే ఉంది కాబట్టి మొదటి అనుమానం ఆవిడ మీదే. కానీ గోడ స్విచ్చి వేసే ఉంది. అదే ప్లగ్గులో ఫోన్ ఛార్జర్ పెడితే ఎక్కింది. డబ్బా వెనకాల ఉండే చిన్న స్విచ్చి కూడా వేసే ఉంది.

మా ఆయన త్రినాథ్‌కి ఫోన్ చేశాను. ఆయన కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్.

"ఒకసారి తీసి పెట్టు, అదే వస్తది," అన్నాడు.

"ఏం తీసి ఏం పెట్టమంటావు బాబూ?"

"అదే... అన్నీ."

ఫోన్ పెట్టేశాను.

స్క్రూడ్రైవర్ తెచ్చి డబ్బా పక్క రేకు ఊడదీశాను. లోపల చూసేసరికి ఒళ్ళు మండిపోయింది. ఫ్యాన్ రెక్కల మీద, తీగల మీద, బోర్డు మీద, అన్నిటి మీదా ఎర్రగా మిరప దుమ్ము. ఎందుకుండదు? ఈ గదిలో నా బల్ల తప్ప మిగతా అంతా మిర్చి టిక్కీలే. ఎండు మిరపకాయలు తొక్కి నింపిన గోతాలవి. మబ్బు పట్టిందని అత్తయ్య కల్లంలోంచి తెప్పించి కప్పుదాకా పేర్పించింది.

సైకిలు పంపు తెచ్చి గాలి కొట్టాను. దుమ్మంతా లేచి నా మొహానే కొట్టింది. గట్టిగా ఒక తుమ్ము తుమ్మాను.

"ఒంటి తుమ్ము తుమ్మాకమ్మాయ్!" అత్తయ్య వంటగదిలోంచి కేకేసింది. "ఇంకోటి తుమ్ము! ఇయ్యాల మంచి పని పెట్టుకున్నావు గదా!"

అంతే, పట్టుకోలేకపోయాను.

"మంచి పనా? మీ టిక్కీలే చంపాయి దీన్ని! ఈ ఘాటంతా దీని కడుపులోకి పోయింది. ఇక్కడ పెట్టొద్దని మొత్తుకున్నానా లేదా? మీకు మిరపకాయలు ముఖ్యం, నేను కాదు! నా పని పోతే మీకేం? హాయిగా కాయలు ఏరుకోవడానికి ఇంకో మనిషి దొరుకుతుంది!"

అత్తయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో గరిటె ఉంది. మామూలుగా అయితే నాకు నాలుగు అప్పజెప్పేది. మా ఇద్దరి గొంతులూ వీధి చివరిదాకా వినపడటం కొత్తేం కాదు. ఈసారి ఆవిడ గరిటె కిటికీలో పెట్టి, కొంగు ముక్కుకి చుట్టుకుని, పైన ఉన్న టిక్కీ చెవులు పట్టుకుని కిందికి లాగింది. దాన్ని గుమ్మం దాటించి వాకిట్లోకి ఈడ్చుకుపోయింది. మళ్ళీ వచ్చింది. ఇంకోటి లాగింది.

వద్దనాలి. బయట మబ్బు నల్లగా ఉంది. కానీ అప్పుడు నా బుర్రలో పదకొండు తప్ప ఇంకేం లేదు.

ర్యామ్ ముక్కలు తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ గట్టిగా నొక్కిపెట్టాను. రాలేదు. పవర్ సప్లయి పోయిందేమో చూద్దామని దాని తీగల కట్టని బోర్డు నుంచి విడదీశాను. జాకెట్టుకి పెట్టుకున్న పిన్నీసు తీసి, తిన్నగా చేసి, పచ్చ తీగకీ నల్ల తీగకీ కలిపాను. దాని ఫ్యాన్ ఝుమ్మని తిరిగింది. అంటే ఇది బతికే ఉంది! సంతోషం ఒక్క క్షణమే. ఇది బతికుంటే బోర్డు చచ్చిందన్నమాట. బోర్డు చస్తే ఈ పూట కాదు, ఈ నెలలో కూడా నేనేం చెయ్యలేను. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తీగల కట్ట మళ్ళీ బోర్డుకి తగిలించాను.

ఫోన్ టింగుమంది. హెలెన్ మేడమ్ లింకు పంపింది. కాస్త ముందే చేరండి అని కింద రాసింది.

మిగిలింది ఒక్కటే. ముందువైపు బొత్తాం నుంచి సన్న తీగ ఒకటి వచ్చి బోర్డు మీద రెండు పుల్లలకి తగులుకుంటుంది. బొత్తాం నొక్కడమంటే ఆ రెండు పుల్లలనీ ఒక క్షణం కలపడమే. ఆ తీగ పీకేసి, స్క్రూడ్రైవర్ మొనతో పుల్లలు రెండిటినీ ముట్టించాను.

ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా లేచాయి. తెర వెలిగింది.

"అమ్మయ్యో!" అని అరిచేశాను. డబ్బాని కావిలించుకున్నంత పని చేశాను. తర్వాత తిక్క రేగింది. అంటే తప్పంతా బొత్తాందా? వంగి దగ్గర్నుంచి చూశాను. బొత్తాం లోపలికి పోయి అక్కడే కూర్చుంది, పైకి రావడం లేదు. దాని చుట్టూ సందు నిండా ఎండి గట్టిపడిన పసుపు. మధ్యలో కుంకం బొట్టు.

ఆ బొట్టు నేను పొద్దున చూశాను. చూసీ పట్టించుకోలేదు. మా ఇంట్లో మిక్సీ స్విచ్చికి బొట్టుంటుంది, గ్యాస్ పొయ్యి మరకి బొట్టుంటుంది, చేలో బోరు మోటారు పచ్చ బొత్తానికి బొట్టుంటుంది. పని ఎక్కడ మొదలవుద్దో అక్కడ బొట్టు పెట్టాలంటుంది అత్తయ్య. బోరు బొత్తాం బొటనవేలంత లావుంటుంది, దానికి ఎంత పసుపు మెత్తినా ఏం కాదు. దీని సందులో వెంట్రుక దూరడమే కష్టం. తడి పసుపు లోపలికి దిగి, నేను నొక్కగానే బొత్తాన్ని అక్కడే పట్టేసింది. నొక్కిన బొత్తాం నొక్కినట్టే ఉంటే ఏ కంప్యూటర్ లేస్తుంది?

మిరప దుమ్ము కాదు, టిక్కీలు కాదు. నా ప్రాణం తోడేసింది ఈ పసుపు ముద్ద!

"అత్తయ్యా!" అని కేకేశాను. వాకిట్లో గోతం ఈడుస్తున్న చప్పుడుకి ఆవిడకి వినపడలేదు. పదకొండు కావస్తోంది. దీని సంగతి తర్వాత చెప్తానని పళ్ళు నూరుకుంటూ కుర్చీలో కూర్చున్నాను.

హెలెన్ మేడమ్ తెర మీదకొచ్చింది. పడమర వాకిలి స్థలం ఒకటి ఇచ్చి రెండు గదుల ఇల్లు గీయమంది. గీస్తున్నాను. పక్కన నోరు తెరుచుకున్న డబ్బా, దాని మీద స్క్రూడ్రైవర్. ఎక్కడ ఆగిపోతుందోనని ఒక కన్ను దాని మీదే ఉంది.

వంటగది గోడ గీస్తుండగా ఉరిమింది.

నా చెయ్యి ఆగిపోయింది. మెయిన్! అత్తయ్య ఇప్పుడొచ్చి మెయిన్ దించేస్తుంది. లేచి వెళ్ళడానికి లేదు, మేడమ్ చూస్తోంది. అరవడానికి లేదు, మైకు వేసి ఉంది. వసారాలో తడి కాళ్ళ అడుగులు వినపడ్డాయి. దగ్గరికొచ్చాయి. సరిగ్గా మెయిన్ కిందికి వచ్చి ఆగాయి. నేను తెర వైపు చూస్తూ, ఎప్పుడు చీకటవుతుందా అని కూర్చున్నాను. అడుగులు అక్కడే ఉన్నాయి. మళ్ళీ ఉరిమింది, ఇంకా గట్టిగా. అడుగులు వెనక్కి తిరిగి వాకిట్లోకి వెళ్ళిపోయాయి.

తెర వెలుగుతూనే ఉంది.

వాన అందుకుంది. బయట టార్పాలిన్ పట్టా కప్పుతున్నట్టు టపటపమని చప్పుడు. "అదేంటండీ అంత సౌండ్?" అని అడిగింది మేడమ్. వానండీ అన్నాను. కిటికీ వైపు తల తిప్పలేదు. తిప్పితే ఇక గీయలేనని తెలుసు. మెట్లు గీశాను, తలుపులు పెట్టాను, కొలతలు వేశాను. మేడమ్ అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. వంటగది కిటికీ అక్కడే ఎందుకు పెట్టారని అడిగితే, గాలి అటు నుంచి వస్తే పొయ్యి ఆరదని చెప్పాను. ఆవిడ నవ్వింది.

"సోమవారం నుంచి మొదలుపెడదామా నాగజ్యోతిగారూ?"

ఏం జవాబు చెప్పానో నాకు గుర్తు లేదు. వాకిట్లోకి పరుగెత్తాను.

టిక్కీల మీద పట్టా కప్పి, గాలికి లేవకుండా దాని అంచు మీద అత్తయ్య బోర్లా పడి ఉంది. నిలువునా తడిసింది. కొంగు ఇంకా ముక్కుకే ఉంది.

"నడిచిందా అమ్మాయ్?"

"నడిచింది. పనొచ్చింది. మీరు లోపలికి రండి ముందు!"

"ఉరిమింది గదా, ఆపుదామని మెయిన్ కాడికి పోయా. లోపల నువ్వు మాట్లాడతా ఉన్నావు. పిడుగు పడితే పడిందిలే అని ఆపలా."

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. టిక్కీల అడుగు వరస తడిసిపోయింది. ఈ తడి, ఈ ఈడ్పు, ఈ గోల, అంతా దేనికి?

"ఇదంతా దేనివల్లో తెలుసా మీకు? మీ బొట్టు వల్లే అత్తయ్యా! అంతా మీ బొట్టు వల్లే!"

అత్తయ్య పట్టా వదిలేసి రెండు చేతులూ ఎత్తి వానలోనే ఆకాశానికి దణ్ణం పెట్టింది. పట్టా అంచు ఎగిరింది. గభాల్న నేను పట్టుకున్నాను.

"అనుకున్నా!" అంది. మొహం వెలిగిపోతోంది. "నీకు పని రావాలని మొక్కుకుని పెట్టానమ్మాయ్. రాలిపోద్దేమోనని వేలితో అదిమి అదిమి మరీ పెట్టా!"

పసుపు సంగతి వదిలేసి, ముందున్న టిక్కీ చెవులు పట్టుకున్నాను.

ఇద్దరం కలిసి టిక్కీలన్నీ మళ్ళీ అదే గదిలోకి ఈడ్చాం. ఇక్కడొద్దులేమ్మాయ్, నీ డబ్బాకి పడదు అని ఆవిడ గునుస్తూనే ఉంది. పడుతుంది, నేను దాని మీద గుడ్డ కప్పుతాను అన్నాను. ఇద్దరం మార్చి మార్చి తుమ్మాం.

సాయంత్రం డబ్బా మళ్ళీ ముందేసుకుని కూర్చున్నాను. పెద్ద బొత్తాం కింద పెసరగింజంత చిన్న బొత్తాం ఇంకోటి ఉంటుంది, హఠాత్తుగా తెర బిగుసుకుపోతే నొక్కేది. నేను దాన్ని ఎన్నడూ వాడలేదు. దాని తీగ తీసుకొచ్చి ఆ రెండు పుల్లలకి తగిలించాను. పెద్ద బొత్తాం తీగని మడిచి ఒక మూలకి కట్టేశాను. పక్క రేకు బిగించాను.

సోమవారం పొద్దున అత్తయ్య తలస్నానం చేసి, కుంకం భరిణె పట్టుకుని వచ్చింది. పసుపు బాగా చిక్కగా కలిపింది. పెద్ద బొత్తాం నిండా మెత్తి, వేలితో అదిమి, మధ్యలో కుంకం పెట్టి కళ్ళకద్దుకుంది.

"ఇంక నొక్కు," అంది.

బొట్టు చెరగకుండా చూపుడువేలు పెద్ద బొత్తాం మీద ఊరికే ఆనించాను. బొటనవేలితో కింద ఉన్న చిన్న బొత్తాం నొక్కాను. ఫ్యాన్లు లేచాయి. తెర వెలిగింది.

"చూశావా?" అంది అత్తయ్య.

"చూశాను అత్తయ్యా," అన్నాను.