ఫ్యాను బరువెంత?

సంచి సర్దుతున్నంతసేపూ నేను లోపల పెడుతున్నవాటిని మా అమ్మాయి బయటికి తీస్తూనే ఉంది.

"నేను పోయేది రేవులో కస్టమ్స్ ఆఫీసుకమ్మా, అడవికి కాదు."

"రేవంటే గాలి, గాలంటే జలుబు," అంటూ స్వెట్టరు అడుక్కి తోశాను. అది సంచిని కొక్కెం ఉన్న చేతి తూకానికి తగిలించి, ముల్లు చూసి నెత్తి కొట్టుకుంది. తూకం మంచం మీద పడేసి వెళ్ళిపోయింది. వెళ్ళొస్తానన్నవాళ్ళను నేను గడప దాకానే నమ్ముతాను.

దానిది పన్నుల శాఖ. దిగుమతి వ్యాపారి రేవులో చెప్పేది కస్టమ్స్ వాళ్ళు వింటారు, బజారులో అమ్మి చెప్పేది పన్నులవాళ్ళు వింటారు. రెండూ కలిపి విన్నవాళ్ళు లేరు. అందుకని పైవాళ్ళు ఇద్దరు ఉద్యోగినులను మార్చారు. మా అమ్మాయి అక్కడికి, అక్కడి అమ్మాయి ఇక్కడికి. ఒకరింట్లో ఒకరి బస. ఒక్క కేసైనా తేల్చాకే తిరిగి రావాలని ఉత్తర్వు. అది తేలకపోతే నా కూతురు రాదు. నాకు నిద్ర పట్టేది కాదు.

వచ్చినమ్మాయిని రేవు పిల్ల అనేదాన్ని. వాళ్ళమ్మ రోజూ ఫోను చేసేది.

"వదినగారూ, మీ పిల్ల స్వెట్టరు ముట్టుకోలేదు. మా పిల్ల తింటోందా?"

"నా వాటా కూడా తింటోందండీ."

ఆవిడ నవ్వేది. నవ్వాక కాసేపు ఫోను పెట్టేసేది కాదు.

అమ్మాయిలిద్దరూ మాత్రం ఫోనులో పోట్లాడుకునేవాళ్ళు. ఒక వ్యాపారి తెచ్చిన ఫ్యాన్ల మీద గొడవ.

"కిలోల్లో చెప్పవే! మా కస్టమ్స్ కాగితాల్లో బరువే ఉంటుంది," అనేది రేవు పిల్ల.

"మా పన్నులవాళ్ళం అమ్ముడైనవి ఎన్నో లెక్కపెడతాం తల్లీ, తూచం!" అనేది మా అమ్మాయి.

ఇన్నేళ్ళుగా ఎవరి లెక్క వాళ్ళకి సరిపోతూనే ఉంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టే దారే లేదు.

ఒకనాడు రేవు పిల్ల మంచం మీది తూకం అందుకుంది. "పిన్నీ, బజారుకి పదండి."

ఆ వ్యాపారి సరుకు అమ్మే దుకాణంలో ఫ్యాను పెట్టెను కొక్కేనికి తగిలించింది. దుకాణదారు నోరు తెరిచాడు.

"అమ్మా, అది ఫ్యాను. ఉల్లిపాయలు కాదు!"

"గాలి ఎంత తూగుతుందో చూస్తున్నాంలే నాయనా," అన్నాను.

రేవు పిల్ల అక్కడే మా అమ్మాయికి ఫోను చేసి ఒక్క ఫ్యాను బరువూ, మొత్తం అమ్మిన ఫ్యాన్ల లెక్కా చెప్పింది. అవతల కాగితాలు తిరగేసి గుణించుకుంటున్న చప్పుడు. తరవాత కేక.

"రేవులో చూపించింది రెండు లారీల సరుకే! అమ్మింది ఆరు లారీలది!"

"మిగతావి ఈదుకుంటూ వచ్చాయేమోనే!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, నా కూతురు ఇల్లు చేరుతుందన్న ధీమాతో. వ్యాపారి కిక్కురుమనకుండా సుంకమూ పన్నూ రెండూ కట్టాడు. పైవాళ్ళకి ఈ పద్ధతి ఎంత నచ్చిందంటే, ఉమ్మడి విభాగం శాశ్వతంగా మా ఊళ్ళోనే పెట్టి, రేవు పిల్లను అందులో వేశారు.

ఆ ఉత్తర్వు వచ్చిన సాయంత్రం వాళ్ళమ్మ ఫోను చేసింది.

"వదినగారూ, మీ పిల్ల సంచి నేనే సర్దుతున్నాను. స్వెట్టరు పైన పెట్టాను. మా పిల్ల తింటోందా?"

"తింటోందండీ," అన్నాను.

మా అమ్మాయి తొలకరికి ఇంటికొచ్చింది. ఆవిడ కూతురు ఆ వేసవిలో ఇల్లు వదిలింది. మళ్ళీ అక్కడికి తిరిగి వెళ్ళలేదు.